ఆఖరున తాళం వేసినవాళ్లు

సోమవారం పొద్దున కంప్యూటర్ తెర మీద మళ్లీ ఎర్ర గుర్తు పడింది. అయినా కొత్తపెళ్లికూతురికి వెంటనే దిగులు పుట్టలేదు. ఈమధ్య ఆమెకు దిగులైనా కోపమైనా రావడానికి కాస్త సమయం పడుతోంది. వస్తూ వస్తూ బస్సులో ఎవరో కాలు తొక్కితే తనే నవ్వి పక్కకు జరిగింది. టిఫిన్ డబ్బా మూత మీద మొగుడు మార్కర్‌తో పిల్లిబొమ్మ గీశాడు. పిల్లి అని అతనంటాడు, చూసినవాళ్లు పంది అంటారు. అది చెరిగిపోకుండా డబ్బాకు రుమాలు చుట్టి మరీ తెచ్చుకుంది. పెళ్లిసెలవు అయిపోయి డ్యూటీలో చేరినప్పటి నుంచి క్లినిక్‌లో ఆమెను అందరూ "కొత్తపెళ్లికూతురా" అనే పిలుస్తున్నారు. పిలిచిన ప్రతిసారీ ఆమె చెవులు ఎర్రబడతాయి, అది చూడటానికే ఇంకోసారి పిలుస్తారు.

ఆమె పని గొంతులు భద్రం చేయడం. గొంతులో పుండు ముదిరి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేయించుకోబోయేవాళ్లు ముందుగా ఇక్కడికి వస్తారు. చప్పుడు చొరబడని చిన్న గదిలో మైకు ముందు వాళ్లను కూర్చోబెట్టి, వాక్యాలు చదివించి, కబుర్లు చెప్పించి రికార్డు చేస్తారు. ఆ తర్వాత ఆ మనిషి చేతిలో ఉండే యంత్రంలో ఏం టైపు కొట్టినా అది వాళ్ల గొంతుతోనే పలుకుతుంది. ఆపరేషన్ అయ్యాక ఇంకోసారి రికార్డు చేద్దామంటే కుదరదు. చేయడానికి గొంతే ఉండదు.

రికార్డైనదంతా ఈ ఒక్క కంప్యూటర్‌లో ఉంటుంది. రోజూ సాయంత్రం క్లినిక్ మూశాక అది దానంతటదే నకలు తీసి, స్టోర్‌రూములో అలమర మీదున్న నెట్‌వర్క్ డ్రైవ్ అనే చిన్న పెట్టెలోకి పంపాలి. పంపితే మర్నాడు పచ్చ గుర్తు, పంపలేకపోతే ఎర్ర గుర్తు. ఆమె సెలవు నుంచి వచ్చాక కొన్ని పొద్దులు పచ్చ, కొన్ని పొద్దులు ఎరుపు. కారణం అంతుచిక్కలేదు. ఎర్రగా ఉన్న పొద్దున ఆమె తన చేత్తో పంపిస్తే మాత్రం బుద్ధిగా వెళ్లేది.

ఇవాళా అలాగే పంపడానికి డ్రైవ్ తెరిచింది. పేరు, పాస్‌వర్డ్ అడిగింది. ఆమె కొత్త ఇంటిపేరుతో తన పేరు ఒక్కొక్క అక్షరమే నింపాదిగా కొట్టింది. ఆ పేరు మేనేజరుగారి పెళ్లికానుక. ఆమె సెలవులో ఉండగానే డ్రైవ్‌లో ఆమె పాత ఇంటిపేరు తీసేసి కొత్తది పెట్టించి, రాగానే "కొట్టి చూడు తల్లీ, తలుపు తెరుచుకుంటుంది" అన్నాడు. "ఈ పేరు గుర్తుంచుకోమంటారా?" అని కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ అడుగుతుంది. ఆ గడిలో ఆమె ఎప్పుడూ టిక్కు పెట్టదు. పెడితే మళ్లీ ఆ పేరు కొట్టే సరదా ఉండదు కదా మరి!

నకలు వెళ్లింది. కంప్యూటర్ లోపలి నుంచి మాత్రం గోటితో చెక్కను గీరుతున్నట్టు సన్నటి చప్పుడు వచ్చి ఆగింది. ఆమె చెవి దగ్గర పెట్టి వింది. మళ్లీ రాలేదు.

ఆవేళ రికార్డింగ్‌కు వచ్చింది బస్సు కండక్టరు. మనిషి వెదురుబొంగులా ఉన్నాడు. గొంతు అప్పటికే బొంగురుపోయింది, మాట చివర గాలి తేలిపోతోంది. శుక్రవారం ఆపరేషన్. వెంట వచ్చిన భార్య అతని మఫ్లరు, మంచినీళ్ల సీసా, తన చేతిసంచీ అన్నీ ఒళ్లో పెట్టుకుని అద్దం అవతల, కొత్తపెళ్లికూతురి పక్కన కూర్చుంది.

"ఈ రోజు గాలి చల్లగా ఉంది. నాకు మంచినీళ్లు కావాలి. దయచేసి తలుపు వేయండి," అని చదివి కండక్టరు కాగితం దించాడు. "అమ్మాయ్, ఈ వాక్యాలు రాసినాయనకు పెళ్లి కాలేదా? ఇన్ని పేజీల్లో ఒక్క పోట్లాట లేదు!"

"పోట్లాటలు గురువారమండీ. బుధవారం దాకా చదవడం, గురువారం మీ ఇష్టమొచ్చింది మాట్లాడటం."

"వినపడిందా?" అన్నాడు అద్దం వైపు తిరిగి. "గురువారం నీ సంగతి చెప్తా."

"చెప్పండి, చెప్పండి," అంది భార్య, లోపలికి వినిపించే ఇవతలి మైకులో. "ఊరందరి మీదా బస్సులో అరిచి, మిగిలింది ఇంటికొచ్చి నా మీద అరిచేవారు." తర్వాత కొత్తపెళ్లికూతురి వైపు వంగి గొంతు తగ్గించింది. "నాకు కావలసింది ఆ గురువారందేనమ్మా. మంచినీళ్లు కావాలంటే ఈయన చెంబు చూపించినా నాకు తెలుస్తుంది. కసరడం, ఎకసెక్కాలాడటం, ఆ నవ్వు... అది యంత్రంలోకి వస్తుందంటావా?"

"తప్పకుండా వస్తుందండీ," అంది కొత్తపెళ్లికూతురు. ఆ రోజుల్లో ఆమెను ఎవరేది అడిగినా తప్పకుండా అనే అనేది.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. చెడ్డవాడేం కాదు, అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుంటాడు. కానీ ఏ చిక్కొచ్చినా సాయంత్రంలోగా దానికి కారణమని ఒక మనిషిని వెతికి పెట్టేస్తేనే అతనికి నిద్ర పడుతుంది.

"మళ్లీ ఎరుపటగా? శనివారం ఆఖరున తాళం వేసిందెవరు?"

"ఊడ్చే అక్కండీ. నేను కొంచెం ముందే వెళ్లాను." చెవులు ఎర్రబడ్డాయి. "మా ఆయన వచ్చారని."

"అంతకుముందు ఎరుపొచ్చిన రోజు?"

ఆమె తలచుకుంది. తను మొగుడితో సినిమాకు వెళ్లిన రోజు, చెప్పులు కొనుక్కున్న రోజు, ఊరికే నడిచొద్దామని వెళ్లిన రోజు. "ఆ రోజులన్నీ అక్కే వేసిందండీ," అంది. చిక్కుముడి ఒక పోగు ఊడినట్టయి ఆమెకు కాస్త సంబరంగా కూడా అనిపించింది.

క్లినిక్ ఊడ్చి తుడిచే మనిషిని అందరూ అక్క అనే అంటారు. ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"స్టోర్‌రూములో ఆ పెట్టె ప్లగ్గు పీకి నీ వాక్యూమ్ పెడుతున్నావా?"

"అయ్యో, నేనెందుకు పీకుతా బాబూ? నా ప్లగ్గు వరండాలో కదా."

"మరి నువ్వు తాళం వేసిన రోజే అది ఎందుకు ఆగుతోంది? ఆ పెట్టెకు నీ మీద కక్షా?"

అక్క కొత్తపెళ్లికూతురి వైపు చూసింది. "నువ్వు చెప్పమ్మా. నువ్వు చూస్తుంటావుగా నా పని."

కొత్తపెళ్లికూతురు బల్ల మీది పెన్ను తీసి మూత పెట్టింది, తీసింది. "నేను వెళ్లాక ఏం జరిగిందో నాకేం తెలుస్తుందక్కా?" అంది.

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. అక్క బొడ్డు దగ్గర దోపుకున్న తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకుండా, గాజుగ్లాసు పెట్టినంత నెమ్మదిగా పెట్టింది. రేపటి నుంచి రావద్దన్నాడు మేనేజరు. అక్క బకెట్‌లో మిగిలిన నీళ్లు పారబోసి, తుడుపుకర్ర గోడకు ఆనించి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆఖరున తాళం వేసింది కొత్తపెళ్లికూతురే. తను ఆఖరుగా వెళ్లేటప్పుడు ఆమె కంప్యూటర్‌లో తెరిచినవేవీ మూయదు, తెర ఒక్కటి ఆర్పుతుంది. లోపల ఇంకెవరైనా మిగిలి ఉంటేనే, కంప్యూటర్ ఆర్పకుండా, అన్నీ మూసి, తన పేరుతో తెరిచినదాన్ని పూర్తిగా ముగించి వెళ్లాలని మేనేజరు పెట్టిన నియమం. రోగుల గొంతులు పరాయివాళ్ల చెవిన పడకూడదు. ఎవరూ లేనప్పుడు ఆ శ్రమ ఎందుకు?

మంగళవారం పచ్చ గుర్తు. బుధవారమూ పచ్చే.

"చూశావా?" అన్నాడు మేనేజరు, మామిడికాయ దొంగను పట్టుకున్న తోటమాలిలా. "మనిషి వెళ్లింది, రోగం కుదిరింది."

"కంప్యూటర్‌లో ఏదో గీరుతున్న చప్పుడు వస్తోందండీ. డిస్క్ పోయేలా ఉంది. మార్పిస్తే మంచిది."

"వచ్చే నెల చూద్దాంలే. నకలు రోజూ వెళ్తోందిగా, ఇంక భయమేముంది?"

బుధవారం మధ్యాహ్నం ఆమె చీపురు కోసం స్టోర్‌రూములోకి వెళ్లింది. అక్క లేక గదుల మూలల్లో నలకలు చేరుతున్నాయి. అలమర పక్కన కాగితాల పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. డ్రైవ్ తీగ వాటి వెనక్కి దిగిపోయింది. ప్లగ్గు ఎక్కడుందో చూడాలనిపించి, గోడకూ పెట్టెలకూ మధ్య చెయ్యి దూర్చి ఫోను లైటు వేసింది. ప్లగ్గు మీద ధూళి దళసరిగా, మెత్తగా, పిల్లికూన వీపులా పేరుకుని ఉంది. వేలి ముద్ర ఒక్కటి లేదు. నెలల తరబడి దాన్ని ఎవరూ ముట్టలేదు.

ఆమె అక్కడే వంగి నిలబడిపోయింది. డ్రైవ్ మీది చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. ఈ సంగతి మేనేజరుకు చెబుదామనుకుంది. చెబితే, మరి ఇప్పుడు పచ్చగా ఎందుకొస్తోంది అంటాడు. దానికి ఏం చెప్పాలి? కారణం దొరికాక చెబుదాంలే అనుకుని చెయ్యి కడుక్కుంది. సబ్బు రెండుసార్లు రాసింది. ఆ రోజు టిఫిన్ డబ్బా మూత మీది పిల్లికి మీసాలు కొత్తగా వచ్చాయి. ఆమె అది సాయంత్రం దాకా చూడలేదు.

గురువారం కండక్టరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రాగానే భార్యను బయటి వరండాలోకి పొమ్మన్నాడు. "నువ్వు చూస్తుంటే నాకు తిట్లు రావు."

"ఇన్నేళ్లూ ఎలా వచ్చాయో!" అంటూ ఆమె వెళ్లింది.

మైకు ముందు కూర్చుని అతను చొక్కా సర్దుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. "ముందుకు జరగాలి, ముందుకు! లోపల పడుకుని దొర్లేంత చోటుంది. అన్నా, ఆ మూట నీదా, నీ అత్తగారిదా? దానికీ టిక్కెట్టు కొట్టమంటావా?" అక్కణ్నుంచి ఇంట్లోకి వచ్చేశాడు. "ఏమేవ్! నా కళ్లజోడు ఎక్కడ పెట్టి చచ్చావ్? ఇల్లు సర్దొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు... ఆఁ? నెత్తి మీదుందా? ఎవరి నెత్తి మీద? ఓహో..." తర్వాత వచ్చింది నవ్వు. బొంగురు గొంతులోంచి అది మెట్లు దిగుతున్నట్టు ఒక్కొక్క ఊపే వచ్చింది, చివరికి దగ్గుగా మారింది. కొత్తపెళ్లికూతురు కూడా నవ్వేసి, తన నవ్వు ఇవతలి మైకులోంచి లోపలికి వినపడి రికార్డవుతుందని చేత్తో నోరు మూసుకుంది.

దగ్గు తగ్గాక అతను మైకుకు దగ్గరగా జరిగి, భార్యను ఇన్ని రోజుల్లో కొత్తపెళ్లికూతురు ఒక్కసారీ వినని ఒక ముద్దుపేరుతో పిలిచాడు. ఇంక చాలన్నట్టు చెయ్యి ఊపాడు.

వాళ్లు వెళ్లేసరికి సాయంత్రమైంది. కింద మోటారు సైకిల్ హారన్ మోగింది. పెళ్లయి నెల నిండిందని మొగుడు ఎక్కడికో తీసుకెళ్తానన్నాడు.

"పోమ్మా తల్లీ, ఇవాళ నేనుంటా," అన్నాడు మేనేజరు. "ఇంకాసేపు కొడితే గొంతు కోసం వచ్చినవాళ్లకు చెవులు కూడా పోతాయి."

మేనేజరు ఉంటున్నాడు గనక, నియమం ప్రకారం ఆమె అన్నీ మూసి, తన పేరుతో తెరిచినదాన్ని ముగించి, మెట్ల మీద రెండేసి మెట్లు దాటుకుంటూ దిగిపోయింది.

శుక్రవారం పొద్దున కంప్యూటర్ లేవలేదు. తెర నల్లగానే ఉంది. లోపలి గీరుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

పరుగున మేనేజరు గదిలోకి వెళ్లి అతని కంప్యూటర్‌లోంచి డ్రైవ్ తెరిచింది. సోమవారం ఉంది. మంగళవారం ఉంది. బుధవారం ఉంది. అంతే. మళ్లీ చూసింది. నిన్న సాయంత్రం డ్రైవ్ తలుపు దగ్గర ఏం జరిగిందో చూపించే పేజీ తెరిచింది. నకలు వచ్చింది, తలుపు తట్టింది, ఈ పేరుగలవాళ్లు ఇక్కడ లేరని డ్రైవ్ తిప్పి పంపేసింది. తట్టిన పేరు ఆమెదే. పాత ఇంటిపేరుతో.

ఆమె కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నకలు పంపే పని ఇంకా తన పాత పేరుతోనే వెళ్తోంది, దాన్ని మార్చాలని తనకు తట్టనే లేదు. పొద్దున తను కొత్త పేరు కొట్టి తెరిచిన దారి, తెర ఒక్కటే ఆర్పిన రోజు తెరిచే ఉండిపోతుంది. సాయంత్రం నకలు ఆ దారిలోనే వెళ్తుంది. పూర్తిగా మూసి వెళ్లిన రోజు దానికి దారి లేదు. అక్కను లోపల వదిలి తను ముందే వెళ్లిన ప్రతి రోజూ మూసే వెళ్లింది. నిన్నా అంతే.

మేనేజరు వచ్చాడు. ఆమె చెప్పింది. అతను నిలబడే విన్నాడు.

"నిన్న ఆఖరున తాళం వేసింది మీరే కదండీ," అంది చివర్న. "ప్లగ్గు మీరేమైనా పీకారా?"

ఆ మాట ఎకసెక్కంగా వచ్చిందో, ఏడుపుగా వచ్చిందో ఆమెకే తెలియలేదు. మేనేజరు వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"పేరు మార్పించింది నేను. మూసి వెళ్లింది నువ్వు. ఇది బయటికెళ్తే ఇద్దరం ఇంటికెళ్తాం. మిగతావాళ్ల గొంతుల సంగతేంటని జనం మీద పడతారు." నుదురు రుద్దుకున్నాడు. "ఆయన్ని ఇంకా లోపలికి తీసుకెళ్లి ఉండరు. చేతి రికార్డర్ తీసుకుని పరిగెత్తు. ఎలాగోలా మాట్లాడించు."

"వాళ్లు ఎందుకని అడిగితే?"

అతను అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మా, క్లినిక్ నుంచి. చిన్న ఇబ్బంది వచ్చిందండీ. మా దగ్గర తుడిచే మనిషొకామె ఉండేది, ఆమె నిర్వాకం వల్ల నిన్నటి రికార్డింగ్..." అవతలి గొంతు గది అంతా వినిపించింది. అతను ఫోను పెట్టేసి ఆమె వైపు చూశాడు. "కారణం చెప్పడం అయిపోయింది. నువ్వు నోరు విప్పకు. పని చూసుకుని రా."

ఆసుపత్రి వరండాలో ఫినాయిలు వాసన. కండక్టరు చక్రాల మంచం మీద, వెనక ముడులు వేసిన పచ్చటి గౌనులో, గుండు గీసిన పిల్లాడిలా పడుకున్నాడు. నర్సు ఆమె చేతిలోని రికార్డర్ చూసి, "వార్డుబాయ్ వచ్చేదాకే. రాగానే తీసుకెళ్లిపోతాం," అంది.

"చూశావా అమ్మా ఆ మనిషి చేసిన పని!" భార్య మంచం కడ్డీ వదలకుండానే ఆమె వైపు తిరిగింది. "దాని చేతులు పడిపోను! దాని ఇంట్లో ఎవరి నోరైనా ఇలా మూతపడితే తెలుస్తుంది దానికి. చీపురు పట్టుకునే మనిషికి ఆ పెట్టెలతో ఏం పని?"

కొత్తపెళ్లికూతురు రికార్డర్ మీట మీద వేలు పెట్టింది. కాదు అని ఒక్క మాట అంటే ఈమె తనను బయటికి గెంటేస్తుంది. వార్డుబాయ్ వచ్చేస్తాడు. గొంతు ఈ మంచం మీద ఇంకా ఉంది. ఆమె మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. రికార్డర్‌ను అతని గడ్డం దగ్గర పెట్టింది.

"మాట్లాడండి," అంది. "నిన్నటిలా."

"నిన్నటిలా ఎలా వస్తుందమ్మాయ్? ఆ బస్సు వెళ్లిపోయింది," అన్నాడు కండక్టరు. గొంతు నిన్నటికన్నా అరిగిపోయి ఉంది. భార్య ఇంకా తిడుతూనే ఉంది. అతను తల అటు తిప్పాడు. "ఏమేవ్, ఇంక ఆపుతావా? ఎవరో ఏంటో, నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. నోట్లో పురుగులు పడాలి దానికి."

"చాల్లే. నేను నోరు కోయించుకోవడానికి వెళ్తుంటే నువ్వు ఇంకొకరి నోటి మీద పడ్డావా?" నవ్వు వచ్చింది, ఒక్క మెట్టే దిగి ఆగింది. "కళ్లు తుడుచుకో. ముక్కు కూడా. ఛీ, ఆ కొంగుతో కాదు. నా మఫ్లరుందిగా. అదీ వద్దులే, నాకు చలేస్తుంది."

"మీకు ఎప్పుడూ మీ గోలే," అంది భార్య, మఫ్లరుతోనే ముక్కు తుడుచుకుంటూ.

"మరి నీ గోల నాకు పట్టదా? రాత్రి తిన్నావా? తినలేదు. నాకు తెలుసు. ఈ అమ్మాయిని తీసుకెళ్లి ఏదైనా తిను. దీని మొహం చూడు, నాకన్నా ముందు ఇదే పోయేలా ఉంది."

వార్డుబాయ్ వచ్చి మంచం బ్రేకు తీశాడు. చక్రాలు కదిలాయి. కండక్టరు చెయ్యి ఎత్తి మంచం కడ్డీ మీద చప్పుడయ్యేలా కొట్టాడు. "రైట్, రైట్," అన్నాడు. తలుపు అటూ ఇటూ ఊగి ఆగింది.

ఆమె మీట ఆపింది. దీపం ఆరింది. అందులో ఉన్నది కొద్దిగానే, కానీ ఉంది. భార్య చెయ్యి చాచి రికార్డర్ తీసుకుని చూసింది.

"ఇది చాలుతుందా?"

"చాలేలా చేస్తానండీ." ఊపిరి పీల్చుకుంది. "అమ్మా, అది ఆమె చేయలేదు. ఆమె ఆ పెట్టెను ముట్టనే లేదు. పెళ్లయ్యాక పెట్టెలో నా ఇంటిపేరు మారింది, కంప్యూటర్‌లో మార్చడం నేను మరిచాను. దానివల్ల నిన్నటిది వెళ్లలేదు. ఆమెను సోమవారమే పనిలోంచి పంపేశారు. ఆమె చేసిందనుకుని మేం ఇంకెక్కడా వెతకలేదు. వెతికుంటే మీ గురువారం ఉండేది."

భార్య మఫ్లరును నాలుగు మడతలు వేసింది, విప్పింది, మళ్లీ వేసింది.

"ఇందాక నేను తిడుతున్నప్పుడు ఇది ఆన్‌లో ఉందా?"

"ఉందండీ."

"అయితే ఆయన మాటల మధ్య నా శాపనార్థాలు కూడా ఉన్నాయి." ఆమె గొంతు తగ్గిపోయింది. "నేనెన్నడూ చూడని మనిషిని నా నోటితో తిట్టించారు మీరు. ఆయన ఆపమంటున్నా తిట్టాను. ఇంక ఆయన ఆపమనలేరు కూడా."

"ఆ ముక్క తీసేయొచ్చండీ. ఇవ్వండి, క్లినిక్‌కు తీసుకెళ్లి..."

ఆమె పిడికిలి మూసుకుంది. "ఏదీ తీయొద్దు. ఇది నా దగ్గరే ఉంటుంది. ఆ మనిషిని తీసుకురా. నీ మేనేజరు కాదు, నువ్వు తీసుకురా. ఆమె ముందు ఇప్పుడు నాకు చెప్పిందంతా చెప్పు. నేను చెప్పుకోవలసింది నేను చెప్పుకుంటా. అప్పుడిస్తా."

కొత్తపెళ్లికూతురు మెట్ల దగ్గరికి వచ్చింది. ఫోనులో మొగుడి మెసేజ్ ఉంది, దాన్ని తెరవలేదు. ఇన్నాళ్లుగా తనూ అక్కా రోజూ పలకరించుకున్నారు, ఆమె ఎక్కడి నుంచి వస్తుందో ఎప్పుడూ అడగలేదు. మేనేజరు నంబరు నొక్కింది.

"అయిందా?" అన్నాడతను మొదటి రింగులోనే.

"అయిందండీ. అక్క ఇల్లెక్కడ?"

"ఇప్పుడది ఎందుకు? రికార్డింగ్ అయిందన్నావుగా, తీసుకుని తిన్నగా వచ్చేయ్."

"రికార్డింగ్ మన దగ్గర లేదండీ," అంది. "అక్క వస్తేనే ఇస్తారట. వాళ్లకు అంతా చెప్పేశాను."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. కుర్చీ కిర్రుమంది. ఆమె ఫోను చెవికి నొక్కుకుని నిలబడింది. అతను గొంతు సవరించుకుని, అక్క ఇంటికి ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పడం మొదలుపెట్టాడు.